నారుమడిలో ఉన్నంతే

మా మేనల్లుడికి ఇరవయ్యారేళ్లు. మైపాడు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటాడు. నుదురు రెండువైపులా వెనక్కి జరిగిపోయింది. వాడి స్నేహితుడొకడు రెండువేల గ్రాఫ్టులు నాటించుకుని నిండు జుట్టుతో తిరుగుతున్నాడు. "నాక్కూడా రెండువేలు చాలు మామా, పెళ్లిచూపుల్లోపు అయిపోవాల" అని పోరాడు. ఒకచోట ఫోన్లో ఫొటో చూసే రేటు చెప్పేశారు. నాకు నచ్చలేదు. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె ముందు అంకె మాట్లాడలేదు. తల వెనకాల వెంట్రుకల్ని చిన్న కెమెరాతో పెద్దవి చేసి చూసి, "యాభై మైక్రాన్లే ఉంది, సన్న జుట్టు" అంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముతక జుట్టు ఎనభై దాకా ఉంటుందట. ముప్ఫై మైక్రాన్ల తేడా ఏం తేడా అనిపిస్తుంది. కానీ వెంట్రుక గుండ్రటిది. ఎనభై ఎనభైలు 6400, యాభై యాభైలు 2500. అన్నే వెంట్రుకలు నాటినా ఒకడి నెత్తిన రెండున్నర రెట్ల జుట్టన్నమాట. సన్నవడ్లనీ లావువడ్లనీ గింజలు లెక్కబెట్టి కొంటామా?

నెల్లూరోళ్లకి మిగతాది చెప్పడం తేలిక. తల వెనకభాగం నారుమడి. అక్కడి జుట్టు మామూలుగా బట్టతలకి లొంగదు, ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం పోదు. న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో రాసింది ఇదే. వరికైతే మళ్లీ నారు పోసుకోవచ్చు. ఇక్కడ తీసిన చోట మళ్లీ మొలవదు. ఉన్నదంతా ఇప్పుడే నుదుటికి పెట్టేస్తే, నలభైలో నడినెత్తి ఖాళీ అయినప్పుడు తేవడానికేమీ ఉండదు. ముందు నాటిన వరస మాత్రం ఏట్లో లంకలాగా మిగిలిపోతుంది.

వాడి మొహం మాడిపోయింది. ఆమె రెండు మంచిమాటలు కూడా చెప్పింది. నుదుటి అంచున నాటాల్సింది సన్న వెంట్రుకలే, అదీ ఒక్కొక్కటిగా. అక్కడ లావువి పెడితే బొమ్మ జుట్టులాగా ఉంటుంది. పైగా నల్లటి నెత్తిమీద నల్లజుట్టు పలచగా ఉన్నా అంతగా కనపడదు. మా ఇంటి నలుపుని ఒకరు మెచ్చుకోవడం నేను విన్నది అదే మొదలు.

ముందు ఏడాది మందులు వాడి రాలడం ఎంత ఆగుతుందో చూద్దామంది. ఆ తర్వాత ముందుభాగం వరకే, అదీ కాస్త వెనగ్గా. "అప్పటిదాకా సంబంధాలోళ్లకి ఏం చెప్పాలిరా?" అని మా అక్క నన్నడిగింది. ఉన్నదే చెప్పమన్నాను. ఆమె రెండురోజులు నాతో మాట్లాడలేదు.

ప్రతినెలా ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫొటో తీయమన్నారు. తీసేది నేనే. ఇప్పటికి నాలుగయ్యాయి. మూడోదానికీ నాలుగోదానికీ తేడా ఉందంటాడు వాడు.