అంగుళానికి ఆరడుగులు

మా నాన్నగారు నౌకాదళంలో 15 సంవత్సరాలు పనిచేశారు. కాని యుద్ధం గురించి ఆయన నోట నేను 15 వాక్యాలైనా విని ఉండను. 1971 డిసెంబరులో ఆయన విక్రాంత్ నౌకమీద, సీ హాక్ యుద్ధవిమానాల మెకానిక్కుగా ఉన్నారని మాత్రం తెలుసు. చిన్నతనంలో, "యుద్ధం ఎలా ఉంటుంది నాన్నగారూ?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఏముందిరా! పని. పగలూ రాత్రీ పని" అని పత్రికలో తల దూర్చేవారు. కొన్నాళ్లకు నేను అడగడం మానుకొన్నాను.

2014లో ముంబాయిలో విక్రాంత్‌ను విడగొట్టడం ప్రారంభించారు. 1961లో మన నౌకాదళంలో చేరి, 1997లో విరమించి, ఆ పిమ్మట కొంతకాలం ప్రదర్శనశాలగా నిలిచిన నౌక అది. ఆ వార్తను విశాఖపట్నంలోని మా ఇంటి వరండాలో ఆయనకు చదివి వినిపించింది నేనే. నీటికాసుల వ్యాధివల్ల అప్పటికే ఆయన చూపు చాలావరకు పోయింది. ఆయన ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం సగంలోనే లేచిపోయారు.

ఆ చలికాలంలో మా మేనల్లుడు లండను నుంచి వస్తూ నాకొక అట్టపెట్టె తెచ్చాడు. ప్లాస్టిక్ చట్రాలకు అంటిపెట్టుకొని ఉన్న 50కి పైగా ముక్కలు, ఒక సూచనల కాగితం, నీటిలో నానవేసి అతికించే గుర్తులు అందులో ఉన్నాయి. అది సీ హాక్ నమూనా. అసలు విమానంలో 72వ వంతు. ఆ కొలత ప్రకారం ఆరడుగుల మనిషి ఒక అంగుళమవుతాడు. 12 మీటర్ల విమానం 17 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది.

బ్యాంకు దస్త్రాలకు అలవాటుపడిన నా చేతులకు ఆ ముక్కలు లొంగలేదు. గోళ్లు కత్తిరించే సాధనంతో వాటిని చట్రాలనుంచి వేరుచేసి, గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్దేవాణ్ణి. ఒక రాత్రి అలా రుద్దుతూ ఉండగా పక్క గదిలోంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"ఏం గీకుతున్నావురా?"

చెప్పడానికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. చివరకు, అప్పుడే రెండు సగాలు అతికిన విమానపు మొండాన్ని తీసుకొనిపోయి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన వేళ్లు ముక్కునుంచి మెల్లగా వెనక్కు జరిగాయి. రెక్క ముగిసేచోట ఆగాయి.

"పొగగొట్టం ఇక్కడ" అన్నారు. "ఇంజను ఒక్కటే. నోళ్లు రెండు, ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. సీ హాక్ కదూ?"

ఆ రాత్రినుంచి ఆయన కుర్చీ నా బల్ల పక్కకు వచ్చింది.

మూడు చక్రాలపై నిలవవలసిన ఆ నమూనా తోక బరువుకు వెనక్కు ఒరిగిపోయేది. ముక్కు లోపల బరువు పెట్టాలని సూచనల కాగితంలో ఉంది. "చేపల రేవులో వలలకు కట్టే సీసపు గుండ్లు అమ్ముతారు, తీసుకురా" అన్నారు నాన్నగారు. భీమిలి సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషికి ఆ ఉపాయం వెంటనే తట్టింది. గుండ్లు పెట్టగానే విమానం నిటారుగా నిలిచింది.

నేను చేసిన పొరపాట్లకు లెక్కలేదు. విమానచోదకుని పైకప్పు అద్దాన్ని, తొందరపడి, క్షణంలో పట్టే మామూలు జిగురుతో అతికించాను. తెల్లవారేసరికి దాని ఆవిరి పట్టి అద్దం పొగమంచు కమ్మినట్లయింది. నేను నొచ్చుకొంటూ ఉంటే నాన్నగారు నవ్వారు. "ఉండనీరా. వేకువజామున సముద్రం మీద అద్దాలు అలాగే మసకబారేవి. మేము గుడ్డతో తుడిచేవాళ్లం."

పెట్టెలోని గుర్తులు బ్రిటిష్ నౌకాదళానివి. మన గుర్తులను నేనే వృత్తలేఖినితో గీసి రంగులు వేయవలసి వచ్చింది.

"మధ్యలో ఏ రంగు వేశావు?" అని అడిగారు నాన్నగారు.

"కాషాయం."

"తప్పు. మధ్యలో ఆకుపచ్చ, దానిచుట్టూ తెలుపు, అంచున కాషాయం. చెరిపెయ్యి." ఆ గొంతులో కాఠిన్యం విని ఉలిక్కిపడ్డాను. రెండు సాయంకాలాలు కూర్చుని మళ్లీ వేశాను.

చివరకు, పైన ముదురు బూడిదరంగు, కింద లేతరంగు ఆరి, విమానం పూర్తయింది. గర్వంతో ఆయన చేతికిచ్చాను.

"మెరుస్తోందా?" అన్నారు.

"అద్దంలా మెరుస్తోంది నాన్నగారూ."

"అయితే ఇది ఎగరని విమానం." వేలితో పొగగొట్టం వెనుక ఒక గీత గీశారు. "ఇక్కడ మసి ఉండాలి. మా చేతులకు అంటిన మసి సబ్బుకు వదిలేది కాదు. ఇక ఉప్పు! సముద్రపు ఉప్పు లోహాన్ని తినేస్తుంది. మంచినీళ్లతో ఎంత కడిగినా మర్నాటికి మళ్లీ తెల్లటి చారలు."

నేను నల్లరంగు పొడిని మెత్తని కుంచెతో అద్దుతూ, ఏదో మాటవరసకు, "మీరు పనిచేసిన విమానానికీ ఇంత మసి ఉండేదా?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఎవరికో చెబుతున్నట్లుగా అన్నారు: "డిసెంబరు 4 ఉదయం ఎనిమిది విమానాలు లేచాయి, కాక్స్ బజారు మీదికి. ఆవిరి తోపుకు ఒక్కొక్కటి లేస్తూ ఉంటే నౌక అదిరేది. అన్నీ వెళ్లిపోయాక మా చేతులకు పని లేదు. నేను బిగించిన మరలన్నీ మనసులో మళ్లీ ఒక్కొక్కటే బిగించుకొన్నాను. ఏదైనా ఒకటి వదులుగా విడిచిపెట్టానేమో! ఆకాశంలో చుక్క కనిపించగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఒకటి, రెండు... ఎనిమిదీ దిగాయి. అప్పుడు చూసుకొంటే నా పిడికిలిలో రెంచి అలాగే ఉంది. వేళ్లు విప్పితే రాలేదు." కొంచెం ఆగి, "యుద్ధం ఎలా ఉంటుందని అడిగేవాడివి కదూ? నాకైతే అలా ఉంది" అన్నారు.

నలభై ఏళ్లు నేను అడిగిన ప్రశ్నకు సమాధానం అది. పెద్ద ప్రశ్న వేసినప్పుడల్లా ఆయన తలుపు మూసుకొన్నారు. మసి ఎక్కడ ఉండాలి, మధ్యలో ఏ రంగు ఉండాలి అన్న చిన్న ప్రశ్నలకు అదే తలుపు తనంతట తెరచుకొంది. నమూనాలు కట్టేవారిది పిల్లల ఆట అనుకొనేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: ఆ పనిలో ఏదీ "సుమారుగా" చాలదు. ప్రతి ముక్కకూ నిజం కావాలి. నిజం కోసం, అది తెలిసిన మనిషి దగ్గరకు వెళ్లి కూర్చోవలసి వస్తుంది.

నాన్నగారు 2019లో కన్నుమూశారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో అదే పేరుతో కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరింది. ఆ ఉత్సవాన్ని టెలివిజనులో చూసి, అలమరలోని విమానాన్ని బయటకు తీశాను. మసకబారిన అద్దం అలాగే ఉంది. పొగగొట్టం వెనుక, సరిగా ఆరని రంగుమీద, ఆయన వేలిముద్ర కూడా అలాగే ఉంది. దుమ్ము దులిపేటప్పుడు నా కుంచె అక్కడికి వచ్చి ఆగుతుంది.