లలితకు, నాచారం నుంచి

ప్రియమైన లలితా,

జూన్‌లో పుణే నుంచి ఉప్పల్ ఆఫీసుకి నీ బదిలీ ఖాయమైందని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ సంతోషంలోనే నువ్వు అడిగిన రెండు సంగతులకీ జవాబు రాస్తున్నాను. డబ్బు కట్టక్కర్లేని డేటింగ్ యాప్‌లలో ఏది మేలు అన్నావు. మీ అమ్మ మ్యాట్రిమొనీ సైట్లో చూసిన నాచారం సంబంధం ఉంది కదా, ఆ అబ్బాయి డేటింగ్ యాప్‌లో ఉన్నాడో లేడో వెతికి పట్టుకోవచ్చా అనీ అడిగావు. ఇవి అడగడానికి నువ్వు అంత మొహమాటపడటమే నాకు బాధనిపించింది. విడాకులైన మనిషికి తోడు కావాలనిపించడంలో దాచుకోవలసింది ఏముందే?

ముందు యాప్‌ల సంగతి. టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్ మూడూ ఒకదానితో ఒకటి పోటీ అనుకుంటాం గానీ మూడింటి యజమానీ అమెరికాలోని మ్యాచ్ గ్రూపే. బంబుల్ మాత్రం వేరు. టిండర్ నుంచి బయటికొచ్చిన విట్నీ వుల్ఫ్ హెర్డ్ 2014లో పెట్టింది. మన దేశంలోకి 2018 డిసెంబర్‌లో ప్రియాంకా చోప్రాని ముందు పెట్టుకుని వచ్చింది. క్వాక్‌క్వాక్ మన హైదరాబాద్‌దే, 2010 నుంచీ ఉంది. ఐల్ అనే కంపెనీ 2022లో తెలుగువాళ్ల కోసమే ‘నీతో’ అని ఒకటి తెచ్చింది. తెలుగులో మాట్లాడుకోవచ్చన్నది నాకు నచ్చిన సంగతే. కానీ ఏ యాప్‌కైనా మన చుట్టుపక్కల జనం ఉండాలి, అది ముఖ్యం.

అన్నీ ఉచితమే అంటాయి, అన్నీ ఏదో ఒకచోట ఆపేస్తాయి. హింజ్‌లో రోజుకి 8 లైకులు. టిండర్‌లో నిన్ను ఇష్టపడ్డవాళ్ల మొహాలు మసకగా చూపించి, స్పష్టంగా చూడాలంటే డబ్బు కట్టమంటారు. నా మాట విను, ఆడవాళ్లకి ఉచితం చాలు. మనకి కొరత లైకులు కాదు, వాటిలోంచి సరైన మనిషిని ఏరుకోవడం. ఆ ఏరుకోవడానికి హింజ్ నయం. ఒట్టి ఫొటో కాకుండా, మనిషి రాసిన జవాబు ఏదో ఒకటి చదివి దానిమీదే మాట కలపొచ్చు. పైగా అందులో మన పేట మనమే మ్యాపులో పెట్టుకోవచ్చు. నువ్వు పుణేలో కూర్చునే ఉప్పల్ పెట్టుకుని చూడు. టిండర్‌లో ఊరు మార్చాలంటే డబ్బు కట్టాలి.

ఇక నీ అసలు భయం, నాకు తెలుసు. ‘ఎవరైనా చూస్తే?’ ఈ ఒక్క ప్రశ్న మీదే నువ్వు యాప్ ఎంచుకోవాలి, ఉచితమా కాదా అన్నది తర్వాత. మ్యాట్రిమొనీ సైట్లో కులం, వయసు, జీతం, ‘రెండో పెళ్లి’ అని కొట్టి ఎవరైనా నిన్ను తవ్వి తీయొచ్చు. డేటింగ్ యాప్‌లో పేరు కొట్టి వెతికే వీలే లేదు. కానీ పక్క గల్లీలో ఉన్నవాడికి నువ్వు వాడు వెతక్కుండానే ఎదురుపడతావు. దానికి టిండర్‌లో ఉచితంగానే ఒక ఉపాయం ఉంది. తెలిసినవాళ్ల నంబర్లు ముందే బ్లాక్ చేసుకోవచ్చు. మొన్న మా ఆడపడుచు చేత దగ్గర కూర్చుని చేయించాను. ఫోన్‌బుక్కు తెరిచి వరసగా టిక్కు పెట్టుకుంటూ పోయింది. చిన్నమామయ్య, మల్లాపూర్ బాబాయి, అపార్ట్‌మెంట్ సెక్రటరీ, పాత మేనేజరు, పిల్లాడి ట్యూషన్ సారు. సారు దగ్గర ఆగి నవ్వింది, అయినా టిక్కు పెట్టింది. పని అయ్యాక ఆ పిల్ల మొహంలో బరువు దిగిపోయింది. మీ అన్నయ్య నంబరు, అతను వాడే రెండో నంబరు కూడా మర్చిపోకు.

దూరం దగ్గర కూడా జాగ్రత్త. టిండర్‌లో 5 కిలోమీటర్లని పెడితే అయిదు కిలోమీటర్ల లోపు కాపురం ఉంటున్నవాళ్లే వస్తారనుకోకు. చివరిసారి యాప్ తెరిచినప్పుడు ఫోన్ ఎక్కడుందో అదే లెక్క. మన నాచారంలో ఉండి రాయదుర్గం ఆఫీసులకి మెట్రోలో పోయేవాళ్లు పగలంతా అక్కడివాళ్లకే కనపడతారు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రమైతే అసలు చూడకు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లంతా మన పక్కింటివాళ్లలా కనపడి, తెల్లారేసరికి ఒక్కరూ ఉండరు. ఆదివారం పొద్దున చూస్తే నిజంగా ఇటువైపు ఉండేవాళ్లు తెలుస్తారు. నాగోలు నుంచి తార్నాక దాకా మెట్రో దారిలో ఉన్నవాళ్లైతే మేలు. అటు గచ్చిబౌలి మనిషితో స్నేహం మొదలుపెడితే సగం ప్రేమ ట్రాఫిక్‌కే పోతుంది.

ఇప్పుడు ఆ సంబంధం విషయం. ‘మీకు కాబోయేవాడు డేటింగ్ యాప్‌లో ఉన్నాడా, పేరు చెప్పండి’ అని ఇంటర్నెట్‌లో కనిపించే సైట్లకి రూపాయి కూడా ఇవ్వకు. అతని ఫొటో, నంబరు, వాటితోపాటు నీ కార్డు వివరాలూ ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే. పోనీ ప్రొఫైల్ దొరికిందనుకో, దానివల్ల ఏం తేలుతుంది? ఫోన్‌లోంచి యాప్ తీసేసినంతమాత్రాన అకౌంటు పోదు. ఎప్పుడో ఒంటరిగా ఉన్నప్పుడు తెరిచి మర్చిపోయింది అలాగే ఉండిపోవచ్చు. అది చూసి మనిషి మీద తీర్పు చెప్పడం అన్యాయం. రేపు నీ ప్రొఫైల్ చూసి ఎవరైనా అలాగే అంటే నీకెలా ఉంటుంది? నేరుగా అడుగు. జవాబు ఎలా చెప్పాడో దాన్ని బట్టే మనిషి తెలుస్తాడు. ఫొటో మీద అనుమానముంటే మాత్రం గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడు. ఎవరి ఫొటోనో ఎత్తుకొచ్చి పెట్టుకుంటే అక్కడ దొరికిపోవచ్చు.

కలిసే చోటు మాత్రం నువ్వే చెప్పాలి, పగటిపూటే. 2024 జూన్‌లో హైటెక్ సిటీలో ఒక పబ్బుకి డేటింగ్ యాప్ పరిచయంతో మగవాళ్లని రప్పించి, వేలకి వేలు బిల్లు వేసి గుంజిన ఢిల్లీ ముఠాని సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. వాళ్లు పిలిచిన చోటికి వెళ్లడమే అక్కడ కొంప ముంచింది. కలవకముందే పెట్టుబడి, క్రిప్టో అంటూ మాట ఎత్తినవాడితో అక్కడే ఆపేయి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రోజులు గడిపేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ఆ నాచారం అబ్బాయి ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ కంపెనీయో, ఏ షిఫ్టో, అద్దె ఇల్లు ఎక్కడో కనుక్కుని రాయి. మా ఆయన, నేను కలిసి వాకబు చేస్తాం. అతనిదీ రెండో పెళ్లే అంటున్నావు కాబట్టి కోర్టు ఇచ్చిన విడాకుల కాపీ చూపించమని అడుగు, నీదీ చూపించు. హింజ్‌లో పెట్టడానికి ఫొటోలు పంపు, నేను చూసి చెప్తాను. పెళ్లి నాటివి వద్దు. పోయినేడాది మా మేడ మీద జుట్టు విరబోసుకుని నవ్వుతూ దిగావే, అది మొదట పెట్టు.

నీ
సుజాత