నేనేదమ్మా?

దాచేపల్లి కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్లని పాత ఫిల్మ్ కెమెరాతో తీశాను. 36 ఫోటోల నలుపు తెలుపు రీలు. ఇంట్లోనే కడిగాను. కల్లం, కొంగులు చక్కగా పడ్డాయి. ముఖాలే లేవు. నెగెటివ్‌లో ఆ చోట్లు గాజుపలకలా ఖాళీ.

"మిరపకాయలు బాగానే పడ్డాయి, నేనేదమ్మా?" అందొకామె.

కడగడంలో తప్పనుకున్నాను. మన నీళ్లు 20 డిగ్రీలకి ఎక్కడ దిగుతాయి! కానీ ఫిల్మ్ అంచున కంపెనీ వేసిన అంకెలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. అంటే కడగడం సరిగానే జరిగింది, తప్పు తీసినప్పటిదే.

కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటు చూస్తుంది. దాన్ని 18 శాతం కాంతిని తిప్పిపంపే బూడిదరంగు అనుకుంటుంది. ఎండకి మెరిసే నేలని చూసి వెలుతురు తగ్గించమంది. తలగుడ్డల నీడలోని ముఖాలు ఆ లెక్కలో గల్లంతయ్యాయి. "శ్రామిక స్త్రీలు" అంటూ నా సిద్ధాంత గ్రంథంలో రాసిన పేజీలు గుర్తొచ్చి సిగ్గేసింది. అవీ దూరం నుంచి తీసిన సగటులే.

మళ్లీ వెళ్లి, అడిగి, పక్కన కూర్చున్నాను. ముఖం దగ్గరే వెలుతురు కొలిచి తీశాను. ఈసారి కనిపించింది.

"ఇంత తెల్లగా చేశావేందమ్మా? ఇది నేను కాదు" అని నవ్వింది.

నిజమే. నల్లటి ముఖాన్నీ మీటరు తన బూడిదరంగులోకే లాగింది. మూడోసారి మీటరు చెప్పినదాన్ని సగానికి తగ్గించాను.

ఆ ఫోటో ఆమె అడిగి తీసుకుంది.