కొంచెం అడ్జస్ట్ అవ్వండి

పల్లెవెలుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు పక్కకి నాలుగో మనిషి వచ్చి నిలబడితే ఏం మాట వినపడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. "కొంచెం అడ్జస్ట్ అవ్వండి బాబూ." కిటికీ పక్కాయన ఒక అంగుళం జరుగుతాడు. మధ్యలో ఆయన సంచి ఒళ్ళోకి తీసుకుంటాడు. చివరాయన సగం సీటు మీద, సగం గాల్లో. ఎవరూ దెబ్బలాడరు. రెండు స్టాపులు దాటేసరికి నలుగురూ కలిసి వర్షాల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. మన హాస్టల్లో మూడు మంచాల గదిలో నలుగురు బతుకుతున్నది కూడా ఈ మాట మీదే.

నాకు ఆ మాటంటే ఇష్టం. అది ముందే చెప్తున్నా, ఎందుకంటే ఇకపై రాయబోయేది చదివి దాని మీద నాకేదో పగ ఉందనుకుంటారు.

ఇంగ్లీషులో అడ్జస్ట్ చేసేది మామూలుగా కుర్చీని, బైకు అద్దాన్ని, వాచీలో టైముని. మనిషి అడ్జస్ట్ అయితే దేనికి అయ్యాడో, చలికో కొత్త ఊరికో, అది కూడా వాక్యంలో చెప్తారు. మనం ఆ 'దేన్ని', 'దేనికి' రెండూ తీసేశాం. ఒట్టి 'అడ్జస్ట్ అవ్వు' మిగిలింది. మనం ఏ ఇంగ్లీషు క్రియని తెచ్చుకున్నా దానికి 'చెయ్యి' అనో 'అవ్వు' అనో ఒక తోక తగిలిస్తాం కదా. సీటుని అడ్జస్ట్ చేస్తాం, మనం అడ్జస్ట్ అవుతాం. తిప్పేది నువ్వా, తిరిగేది నువ్వా అన్నది ఆ తోకలోనే తేలిపోతుంది.

అసలు దీనికి మన దగ్గర మాట లేకనా? 'సర్దు' ఉంది. ఇంత పని చేసే క్రియ తెలుగులో ఇంకోటి చూపించండి. బీరువాలో బట్టలు సర్దుతాం. ఊరెళ్ళేముందు బ్యాగు సర్దుకుంటాం. ఫీజు కట్టాల్సిన రోజు ఫ్రెండుని "ఓ రెండు వేలు సర్దరా, ఒకటో తారీఖున ఇచ్చేస్తా" అంటాం. అలిగినవాళ్ళకి సర్దిచెప్తాం. గొడవ జరిగాక "అంతా సర్దుకుందిలే" అంటాం. వీటన్నిటిలోనూ ఏదో ఒకటి దాని చోటికి అది చేరుతుంది. దీనికే 'పోవడం' తగిలించి 'సర్దుకుపో' అంటే మాత్రం చోటు మారాల్సింది వస్తువు కాదు, వింటున్న మనిషి.

పోయిన సెలవుల్లో ఈ 'సర్దుకుపో' మా ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు వినపడిందో లెక్కపెట్టడం మానేశాను. అక్కకి పెళ్ళయి రెండేళ్ళు. ఇద్దరూ హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. బావకి వాళ్ళ ఊరికే ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి, అక్క ఉద్యోగం మానేసి అత్తగారింటికి వెళ్ళాలి. ఎవరూ అరవలేదు, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పెద్దమ్మ ఫోను చేసి "కొత్తలో అలాగే ఉంటుంది, అడ్జస్ట్ అవ్వాలమ్మా" అంది. మేనత్త "సంసారమన్నాక సర్దుకుపోవాలే తల్లీ" అంది. మా బాబాయి ఇంకో మెట్టు పైకెళ్ళి "కాంప్రమైజ్ అయిపో, నీకే మంచిది" అన్నాడు.

ఆ 'కాంప్రమైజ్' దగ్గర నేను ఆగిపోయాను. క్లబ్బులో చేరాక పట్టుకున్న జబ్బు ఇది, మాట వింటే డిక్షనరీ తియ్యడం. లాటిన్‌లో దాని మూలానికి అర్థం 'కలిసి మాటిచ్చుకోవడం'. తగువు పడ్డ ఇద్దరూ మధ్యవర్తి ఏం చెప్తే దానికి కట్టుబడతామని ఒకరికొకరు చేసుకునే ప్రమాణం. అంటే కనీసం ఇద్దరుంటే గానీ ఆ పని జరగదు. ఒక్కరే కాంప్రమైజ్ అవ్వడమంటే ఒంటి చేత్తో చప్పట్లు కొట్టడమే. దానికి మనం వాడే 'రాజీ' అరబ్బీ నుంచి వచ్చింది, ఇష్టంతో ఒప్పుకోవడం అని అర్థం. దానికి పారశీ 'నామా' చేరితే 'రాజీనామా', అసలైతే సమ్మతిపత్రం. అక్కని రాయమన్నది కూడా రాజీనామాయే. ఆ కాగితంలో ఇష్టం ఎవరిదో మరి.

అడ్జస్ట్ సంగతీ చూశాను. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది, లాటిన్‌లో 'దగ్గర' అనే మాట దాని మూలం. న్యాయం అనే అర్థమున్న 'జస్ట్'తో చుట్టరికం తర్వాత కలిసిందట. దగ్గరికి జరపడమే ముందు, న్యాయం వెనకొచ్చిన ముచ్చట.

నా బ్రాంచి మెకానికల్ కాబట్టి ఇంకో చోట కూడా ఈ మాట నన్ను పట్టుకుంది. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజి గుర్తుందా? కొనలు రెండూ ఆనినా సున్నా గీత మీద సున్నా ఉండదు, మూడు గీతలు పక్కకి ఉంటుంది. 0.03 మిల్లీమీటర్లు. ఆ తేడా ముందు రాసుకోకపోతే రికార్డు మొత్తం కొట్టేసేవారు. తర్వాత మెట్రాలజీలో తెలిసింది, ఆ తేడా కనుక్కోవడం వేరు, పరికరాన్ని సరిచెయ్యడం వేరు అని. మొదటిది కాలిబ్రేషన్, రెండోది అడ్జస్ట్‌మెంట్. మెట్రాలజీకి ఒక అంతర్జాతీయ పదకోశం ఉంది. 2008లో వచ్చిన దాని మూడో కూర్పు ఈ రెంటినీ ఒకటనుకోవద్దని విడిగా చెప్తుంది. ముందు కాలిబ్రేషన్ జరగాలి, అడ్జస్ట్ చేశాక మామూలుగా మళ్ళీ కాలిబ్రేట్ చెయ్యాలి. ఇనప ముక్కకే ఇంత మర్యాద.

మా ఇంట్లో ఫోన్లలో ఆ మొదటి పని ఎవరూ చెయ్యలేదు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, ఎవరు ఎన్ని గీతలు జరగాలి అన్న ప్రశ్నే రాలేదు. బస్సు సీట్లో కూడా ముగ్గురూ తలో అంగుళం జరుగుతారు కదా! ఒక్కరే పూర్తిగా లేచి నిలబడితే దాన్ని అడ్జస్ట్ అవ్వడం అంటామా?

ఇదంతా అమ్మతో అన్నాను, స్క్రూగేజి తప్ప. బీరువా సర్దుతోంది అప్పుడు. "మేమంతా సర్దుకోలేదా?" అంది. మా అమ్మ పెళ్ళికి ముందు టైపు హయ్యర్ పాసైంది. ఆ సర్టిఫికెట్ పట్టుచీరల కింద ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. బీరువా సర్దిన ప్రతిసారీ తీస్తుంది, దుమ్ము లేకపోయినా తుడుస్తుంది, మళ్ళీ అక్కడే పెడుతుంది. ఆ రోజూ అదే చేసింది. నేనింకేం మాట్లాడలేదు.

అక్క రాజీనామా ఇవ్వలేదు. ఆఫీసుకి దగ్గర్లో ఇంకో అమ్మాయితో కలిసి గది చూసుకుంది. బావ శని, ఆదివారాలు వస్తానన్నాడట, వాళ్ళ ఇంట్లో ఏమంటారో ఇంకా తేలలేదు. పోయిన వారం ఫోను చేసి "నాన్నా, అడ్వాన్సు కట్టాలి, ఓ పాతిక వేలు సర్దుతావా?" అని అడిగింది. నాన్న ఏదో అనబోయేలోపు అమ్మ ఫోను లాక్కుంది.

"నేను సర్దుతాలే. చీటీ డబ్బులు పదో తారీఖున వస్తాయి. అప్పటిదాకా ఆగమని చెప్పు వాళ్ళకి."