వెలుగోడు నీళ్లలో ఒక పౌర్ణమి

మాది రుద్రవరం. మా పొలాలకు పారే తెలుగుగంగ నీళ్లు వెలుగోడు జలాశయం నుంచే వస్తాయి. ఆ కాలవ గట్టు మీదే పెరిగినా నాకు ఈత రాదు.

2019 కార్తీక పౌర్ణమికి వెలుగోడు పోయాం, అత్తగారింటికి. మా ఆవిడ మేనమామ ఆ జలాశయంలో చేపలు పడతాడు. నల్లమల మీంచి చంద్రుడు లేస్తుంటే నీళ్ల మీద కూచుని చూడాలని నేనే అడిగాను.

"వల వేయను ఎట్లాగూ పోతాండా. రా అల్లుడూ. పుట్టిలో మాత్రం లేసి నిలబడొద్దు" అన్నాడు.

పుట్టి అంటే వెదురు బద్దలు అల్లి, పట్ట కట్టి, తారు పూసిన గుండ్రటి బుట్ట. దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఆపితే బొంగరంలా తిరుగుతుంది. ఆ ఏడు పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు బాగా వచ్చాయి. 16.95 టీఎంసీలు పట్టే జలాశయం, ఎటు చూసినా నీళ్లే.

పొద్దు గూకింది. కొండ కొసన చెట్లు ఒక్కొక్కటే కనపడసాగాయి, వెనక ఎవరో దీపం పట్టుకున్నట్టు. ఆ తర్వాత ఎర్రటి అంచు. మామ భుజం అడ్డమొచ్చింది. నేను లేచాను.

చెవుల్లో, ముక్కులో నీళ్లు. కాళ్లకు వల చుట్టుకుంది. తన్నుకునేకొద్దీ బిగిసింది. మామ నా జుట్టు పట్టి పైకి లాగి, బోర్లా పడ్డ పుట్టి అంచు చేతికందించాడు. మళ్లీ మునిగి, మొలకున్న చాకుతో వల కోశాడు. కొత్త వల అది.

చాలాసేపటికి కొండ వైపు నుంచి గాలి లేచింది. "ఇది మనల్ని కట్టకు తోస్తుంది. నువ్వు పట్టు వదలకు, అంతే" అన్నాడు. వెదురు పేడు నా గోటి కింద దిగింది. కాసేపటికి ఆ నొప్పీ తెలియలేదు, వేళ్లు అంతగా కొయ్యబారాయి. చంద్రుడు తెల్లగా నెత్తి మీదికి వస్తున్నాడు. నా కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఆడ చూడాకు, నా మొగం చూడు. ఈ తూరి ఏ వడ్లు ఏసినావు? ఎకరాకు ఎన్ని బస్తాలు?" అడుగుతూనే ఉన్నాడు. జవాబు ఆలస్యమైతే మొహాన నీళ్లు కొట్టాడు. అరవై దాటిన మనిషి. ఆయన పళ్లు కూడా టకటకలాడుతున్నాయి.

తొమ్మిదింటప్పుడు కట్ట రాళ్లు మోకాలికి తగిలాయి. నా వేళ్లు విచ్చుకోలేదు. మామే ఒక్కో వేలూ వెదురు మీంచి ఊడదీశాడు.

ఇంట్లో అత్తమ్మ ఏడుస్తూ అడిగితే, "గాలికి పుట్టి బోర్లా పడింది లేమ్మా" అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. మా ఇంట్లో అందరూ ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

పుట్టి బోర్లా పడ్డప్పుడు గాలి ఇంకా లేవనే లేదు.