ఇది నేర్చుకుంటే ఏమొస్తది?

మన పిల్లలు చాలా చిన్న వయసులోనే నేర్చుకునే ప్రశ్న ఒకటి ఉంది. "ఇది నేర్చుకుంటే ఏమొస్తది సార్?" ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఈ ప్రశ్న ఏడో తరగతి పిల్లల నుంచి విన్నాను. డీఎస్సీకి చదివే యువకుల నుంచి విన్నాను. పిల్లలను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల నుంచీ విన్నాను. నాకు ఎప్పుడూ కోపం రాలేదు. అడవిలో పెద్దవాళ్లు కొత్త చెట్టును చూపిస్తే మనం ముందు అడిగేది కూడా అదే కదా. ఇది తినేదా, మందుకా, పొయ్యిలోకా? కరువు తెలిసిన ఇండ్లలో పుట్టిన ప్రశ్న అది.

అందుకే ఉద్యోగం కోసం చదివే చదువును తక్కువ చేసి మాట్లాడితే నాకు నచ్చదు. "చదువు జ్ఞానం కోసం, ఉద్యోగం కోసం కాదు" అని సభల్లో చెప్పేవాళ్లలో ఎక్కువ మందికి నెల మొదటి తారీఖున జీతం పడుతుంది. మా ఇంట్లో మొదటి జీతం నాది. ఆ జీతంతో మా ఇంటికి రేకులు పడ్డాయి, షావుకారు బాకీ తీరింది, చెల్లె నర్సింగ్ చదివింది. కాగితం మీద ఏం రాసి ఉందో తెలియక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న జాతి మనది. 1943లో హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. అక్కడ చదువుకున్నవాళ్లు పంతుళ్లు అయ్యారు, ఊరి లెక్కలు రాసే ఉద్యోగులయ్యారు. మన మనిషి కుర్చీలో కూర్చుంటే ఏం మారుతుందో మన పెద్దలు అప్పుడు కళ్లారా చూశారు. చదువు, ఉద్యోగం అనే రెండు మాటలు మనకు జంటగా వచ్చింది అక్కడి నుంచే.

ఆ జంట ఇప్పుడు చాలా బరువెక్కింది. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన భాష మాట్లాడే పంతులు మన బడిలో ఉండాలనే మాట ఒక్క రోజులో తీర్పు కాగితాల్లోకి వెళ్లిపోయింది. ఆ ఉద్యోగం మీదనే ఆశ పెట్టుకుని డీఎడ్, బీఎడ్ చేసినవాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. ఇలాంటి రోజుల్లో "ఇష్టం కోసం కూడా కొంత నేర్చుకోండి" అని చెప్పాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

మా చిన్నాయన కొడుకు ఎనిమిదో తరగతి నుంచే దండారిలో గుమేల వాయించేవాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ల పక్కన నిలబడి, చేతులు చూసి నేర్చుకున్నాడు. బీఎడ్ అయ్యాక కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లాడు. వరుసగా ఐదు దీపావళులు ఊరికి రాలేదు. ఇంట్లో ఎవరూ రమ్మని కూడా అనలేదు. "చదువుకుంటున్నడు, ఆగం చేయొద్దు" అనేవాళ్లు. గుమేల దూలానికి వేలాడింది. దాని తోలు ఎండిపోయింది.

లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చాడు. ఒక సాయంత్రం తన బిట్ల పుస్తకం తెరిచి నన్ను చదవమన్నాడు. నేను అడుగుతున్నాను, తను చెబుతున్నాడు. గోండి లిపి చేతిరాత ప్రతులు దొరికిన ఊరు ఏది? గుంజాల. ఏ మండలం? నార్నూర్. ఎప్పుడు బయటి ప్రపంచానికి తెలిసింది? 2006. ఒక్కటీ తప్పలేదు. ఆ లిపిలో ఒక్క అక్షరం రాయమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. అందులో తన తప్పేమీ లేదు. పరీక్ష అడిగింది ఊరి పేరు, అక్షరాన్ని కాదు.

ఆ రాత్రి నాకు ఒక సంగతి స్పష్టమైంది. పరీక్ష చదువుకు ఒక గట్టు ఉంటుంది. సిలబస్ ఎక్కడ ఆగితే మన చూపు అక్కడ ఆగుతుంది. ఆగకపోతే నష్టపోతాం కూడా. ఎందుకంటే పక్కవాడు గట్టు దాటకుండా పరుగెత్తుతున్నాడు. గట్టు లోపల ఉన్నంతసేపు మన గురించి మనం చదివినా అది ఎవరి గురించో చదివినట్టే ఉంటుంది. మన ఊరు, మన లిపి, మన వీరుడు, అన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటిగా మిగులుతాయి.

ఆ తర్వాత నేను ఆ లిపి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా సర్వీసు పుస్తకంలో దానికి చోటు లేదు, ఇంక్రిమెంటు లేదు. పాఠశాల పని అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక అరగంట. నలభై ఏండ్ల వయసులో మళ్లీ ఒకటో తరగతి. తెలుగులో హల్లులు కకారంతో మొదలవుతాయి. గుంజాల లిపిలో యకారంతో మొదలై వ, బ, భ, మ దాటాకే క వస్తుంది. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన వరుస మారేసరికి నాలుక తడబడింది. ఆ తడబాటులో కూడా ఒక సరదా ఉంది. నేను పూర్తిగా రాసిన మొదటి మాట 'ఏర్'. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మా గోండిలో ఏర్ అంటే నీళ్లు. రోజూ ఇంట్లో అనే మాట, బడిలో ఎప్పుడూ రాయని మాట, నా చేత్తో కాగితం మీద కనిపించింది. తర్వాత మా అవ్వ పేరు రాసి చూపించాను. అవ్వకు ఏ లిపీ చదవరాదు. కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మన దాంట్లనే ఉన్నదా?" అని అడిగింది. నాకు డీఎస్సీ ర్యాంకు వచ్చిన రోజు కూడా అవ్వ సంతోషపడింది. కానీ ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు. ఈసారి అడిగింది.

"మీకు జీతం ఉంది కాబట్టి ఇవన్నీ చేస్తారు" అని నన్ను యువకులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారినే చూడండి. పర్లాకిమిడిలో ఆయన చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. సవర భాష నేర్చుకోమని ఆయన ఉద్యోగం అడగలేదు. అయినా సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు, తర్వాత వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయనకు ఒక ఉద్యోగం ఉంది కనుకనే అది సాధ్యమైందని అనవచ్చు. కానీ గుంజాల పెద్దల సంగతి ఏమిటి? ఆ ఊర్లో దొరికిన ప్రతుల్లో కొన్ని 1750 ప్రాంతానివని అంచనా. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఏ పరీక్షా అడగని అక్షరాలను వ్యవసాయం చేసుకునే మనుషులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఫోన్లలో, కంప్యూటర్లలో కనిపించడానికి దానికి దారి పడింది. ఆ పెద్దలు ఫోన్ కోసం నేర్చుకోలేదు. వాళ్లకు అది చదవాలనిపించింది, చదివారు. నేర్పాలనిపించింది, నేర్పారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మార్లవాయికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా పండుగ చేసుకున్నాం. ఆ వారం చాలామంది తల్లిదండ్రులు పిల్లలతో, "చూసినవా, గుస్సాడి నేర్చుకుంటే కూడా పేరొస్తది" అన్నారు. వాళ్ల సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాట మళ్లీ పాత ప్రశ్న దగ్గరికే తీసుకొస్తుంది. కనకరాజు గారు నెమలీకల టోపీ పెట్టుకున్నది పద్మశ్రీ కోసం కాదు. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లేదాకా ఆడింది, నేర్పింది దండారి మనది కనుక. ఇష్టంతో నేర్చుకున్నదానికి బహుమతి వస్తే తీసుకుందాం. బహుమతి చూపించి ఇష్టాన్ని పుట్టిద్దామనుకుంటే మాత్రం అదీ ఒక కోచింగే అవుతుంది. బహుమతి రాని తొంభై తొమ్మిది మంది గుమేలను మళ్లీ దూలానికి వేలాడదీస్తారు.

మా తమ్ముడు 2021 దీపావళికి గుమేల దించాడు. తోలు మార్చాడు. దండారితో పక్క ఊరికి వెళ్లొచ్చాక నాతో అన్నాడు, "అన్నా, ఇన్నేండ్లల్ల మార్కుల్లేని రోజులు ఇవే." 2024లో డీఎస్సీ రాశాడు. ఉద్యోగం రాలేదు. మళ్లీ చదువుతున్నాడు. కానీ దీపావళి వారం మాత్రం ఊర్లోనే ఉంటున్నాడు. ఆ వారాల వల్లనే ఉద్యోగం తప్పిందని కొందరంటారు. నేను ఆ మాటను కొట్టిపారేయను. ఆ వారాలు కూడా చదివితే రెండు మార్కులు పెరిగేవేమో, రెండు మార్కులకు జీవితాలు మారతాయి కూడా. తమ్ముడికి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. తెలిసే ఆ వారాన్ని ఉంచుకున్నాడు. ర్యాంకు రాని రోజు ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు పిల్లలు వచ్చి గుమేల నేర్పమంటే లేచి బయటికొచ్చాడు. పరీక్ష తనను పనికిరాడన్న వారంలోనే, పది మంది పిల్లలకు తను పనికొచ్చాడు. ఉద్యోగం లేని లోటును అది తీర్చదు. కానీ మనిషి మొత్తంగా ఓడిపోకుండా నిలబెడుతుంది.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి చిన్నది. వారంలో ఒక్క గంట, పరీక్ష లేనిది, సర్టిఫికెట్ లేనిది, పోటీ లేనిది పిల్లలకు ఇవ్వండి. లిపి కావచ్చు, ఆకుల పేర్లు కావచ్చు, పాట కావచ్చు, నక్షత్రాలు కావచ్చు. మన సంస్కృతే కావాలని కూడా లేదు. గోండు పిల్లకు చదరంగం ఇష్టమైతే చదరంగమే. మా బడిలో శనివారం సాయంత్రం ఈ గంట మొదలుపెట్టినప్పుడు "పరీక్షల వస్తదా సార్?" అని అడిగారు. రాదన్నాను. సగం మంది ఆటకు పోయారు. పోనిచ్చాను. ఆటకు పోవడం కూడా ఇష్టమే కదా. మిగిలినవాళ్లు పన్నెండు మంది. నెల తర్వాత పంతొమ్మిది. ఎందుకొచ్చారని నేను ఎవరినీ అడగలేదు.

యువకులకు ఒక మాట. ఉద్యోగం కోసం గట్టిగా చదవండి. సిగ్గుపడకండి, మధ్యలో వదలకండి. మన కుర్చీలు మనకు కావాలి, పోయిన హక్కుల కోసం మాట్లాడే మనుషులూ కావాలి. కానీ ఆ చదువుకు మీ రోజంతా రాసివ్వకండి. ఎవరూ మార్కులు వేయలేని ఒక అరగంటను మీ దగ్గరే ఉంచుకోండి. అందులో ఏం నేర్చుకున్నారో ఎవరికీ లెక్క చెప్పనక్కర లేదు.