అయిదు డాలర్ల టిక్కెట్టు

మా నాన్న లెక్క ప్రకారం తెలుగు పాట 1974 ఫిబ్రవరిలో ఘంటసాలతో పాటే పోయింది. ఆ తరవాత వచ్చినవన్నీ "ఏవో గోలలు". నేను ఇంటర్లో ఉండగా ఇళయరాజా క్యాసెట్టు పెడితే, పేపరు మడిచి పక్కన పెట్టి, "దీన్ని పాటంటారుట్రా?" అన్నాడు. నేను ముసలాణ్ణయ్యాక ఇలా మాట్లాడను గాక మాట్లాడను అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

యాభై దాటాక చూసుకుంటే అచ్చం ఆయనలాగే తయారయ్యాను. కాకపోతే నా ఘంటసాల పేరు ఫుగాజీ.

ఫుగాజీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. నేను అమెరికా వచ్చింది 1998లో, వైటూకే పుణ్యాన. వర్జీనియాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో రెండు పడగ్గదుల అపార్టుమెంటు, అందులో నలుగురం, అందరికీ కలిపి ఒక పాత కరోలా. ఆఫీసులో నా పక్క క్యూబులో ఒక అమెరికనాయన ఉండేవాడు. కోబాల్ రాసేవాడు, చాలా నెమ్మదస్తుడు, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతుండేది. నేను అస్తమానం చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిచేయడం చూసి ఒకరోజు ఒక క్యాసెట్టు ఇచ్చాడు. ఒకవైపు బ్యాడ్ బ్రెయిన్స్, రెండోవైపు మైనర్ థ్రెట్. 1980ల మొదట్లో తను హైస్కూల్లో ఉండగా వాషింగ్టన్ డీసీలో వాళ్ళ కచేరీలకి వెళ్ళేవాణ్ణని చెప్పాడు. ఈ తాడు కళ్ళజోడు మనిషేనా, అనుకున్నాను.

మొదటిసారి విన్నప్పుడు టేపు ఇరుక్కుపోయి స్పీడుగా తిరుగుతోందేమో అనుకుని డెక్కు ఆపి చూశాను. టేపు బాగానే ఉంది. పాటలే అంత. ఒక్కోటి ఒకటిన్నర నిమిషం. మొదలయ్యిందని మనం గ్రహించేలోపు అయిపోతుంది.

పంక్ అంటే జుట్టు నెమలిపింఛంలా నిలబెట్టుకుని బట్టలకి పిన్నీసులు గుచ్చుకోవడం అనే అనుకునేవాణ్ణి నేను కూడా. 1976లో న్యూయార్కులో రమోన్స్, 1977లో లండన్లో సెక్స్ పిస్టల్స్ తొలి ఆల్బంలతో లోకానికి తెలిసిన ఈ సంగీతంలో అసలు సంగతి వేషం కాదు. మూడు కార్డులు వస్తే చాలు, గురువు అక్కర్లేదు, పెద్ద కంపెనీ అక్కర్లేదు, చెప్పడానికి ఒక మాట ఉంటే నువ్వే పాడు, అన్నదే సంగతి. మేముండే చోటికి ఓ 20 మైళ్ళ దూరంలో, వాషింగ్టన్ డీసీలో, కొందరు కుర్రాళ్ళు సరిగ్గా ఇదే చేశారు. కచేరీల్లో కూడబెట్టిన డబ్బులతో 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకుని, రికార్డుల అట్టలు తమ చేతులతోనే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించి అమ్మారు. వాళ్ళల్లో ఒకడైన ఇయాన్ మెకాయ్ తరవాత మరో ముగ్గురితో కలిసి నడిపిన బ్యాండే ఫుగాజీ. టిక్కెట్టు ఎక్కువగా అయిదు డాలర్లే. ఏ వయసువాళ్ళైనా రావచ్చు. టీషర్టులూ గట్రా అమ్మరు. పెద్ద కంపెనీల వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ క్యాసెట్టు నాకు నిజంగా అర్థమయ్యింది మాత్రం 2001లో. డాట్‌కాం పేలిపోయింది, నా ప్రాజెక్టు పోయింది. నా హెచ్-వన్ పెట్టిన కన్సల్టెన్సీ ఆయన బెంచి మీద ఉన్న మూడు నెలలూ జీతం ఇవ్వలేదు. పైగా రోజూ పొద్దున్నే ఫోన్ చేసి రెజ్యూమెలో లేని అనుభవం రాయమనేవాడు. "సరే సార్" అనేవాణ్ణి. ఎదురు మాట్లాడితే వీసా ఏమవుతుందో అని భయం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఉద్యోగం బావుంది నాన్నా" అనేవాణ్ణి. ఇక ఆ కరోలా నా వంతుకొచ్చినప్పుడు డల్లస్ టోల్ రోడ్డు పక్కన అద్దాలన్నీ ఎత్తేసి, సౌండు పూర్తిగా పెంచేసి, మైనర్ థ్రెట్ వినేవాణ్ణి. నేను అరవలేని అరుపు ఎవడో నా తరఫున అరుస్తున్నాడు. అది నాకు సంగీతం కన్నా ముందు ఊపిరి.

2002లో మళ్ళీ ప్రాజెక్టు దొరికింది. మా ఊరికి దగ్గర్లోనే ఫుగాజీ కచేరీ ఉందని ఆ క్యూబు పక్కాయన ఈమెయిల్ పంపాడు. మర్నాడు రిలీజు ఉంది. కొత్త క్లయింటు దగ్గర తొందరగా వెళ్తానని అడగడానికి నోరు రాలేదు. ఇక్కడివాళ్ళేగా, ఈసారి చూద్దాంలే అనుకున్నాను. ఆ నవంబరులో వాళ్ళు లండన్లో ఆడారు. అంతే, ఆ తరవాత మళ్ళీ ఆడలేదు. వాళ్ళు విడిపోయామని కూడా అనలేదు, విరామం అన్నారు. ఆ విరామం ఇంకా నడుస్తూనే ఉంది. ఇరవై మైళ్ళ దూరంలో, అయిదు డాలర్లకి దొరికేదాన్ని పోగొట్టుకున్న తెలివైనవాణ్ణి నేను.

2006లో నాన్న వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ కారు స్టార్ట్ చేశానో లేదో, బ్యాడ్ బ్రెయిన్స్ పూర్తి సౌండుతో విరుచుకుపడింది. కంగారుగా ఆపబోయాను. "ఉండనీరా" అన్నారు. ఒక పాట మొత్తం విన్నారు, నిమిషంన్నరే కదా. "ఎవరు వీళ్ళు?" అన్నారు. నల్లవాళ్ళు, మొదట జాజ్ వాయించేవాళ్ళు, తరవాత ఇలా మొదలుపెట్టారు అని చెప్పాను. కాసేపాగి, "నా చిన్నప్పుడు తెనాలి దగ్గర నాజర్ బుర్రకథ చూశాను. చివర్లో ఇలాగే గొంతు చించుకునేవాడు. బెంగాలు కరువు కథ చెబుతుంటే జనం లేచి నిలబడేవాళ్ళు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఘంటసాల దగ్గర ఆగిపోయాడనుకున్న మనిషి! ఆలోచిస్తే నిజమే. ముగ్గురే మనుషులు, ఒక తంబురా, రెండు డక్కీలు. రాజకీయం మాట్లాడే వంత ఒకడు, నవ్వించే వంత ఒకడు. తెర లేదు, సెట్టింగు లేదు, ఊళ్ళో ఎక్కడ నిలబడితే అదే స్టేజీ. సర్కారు నిషేధాలు కూడా చూసిన కళ అది. పంక్ అని పేరు పెట్టలేదు గానీ, మా నాన్న అసలైనది నాకన్నా చాలా ముందే చూసేశారు.

ఇక అసలు విషయం. 2021 మే నెలలో మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఫోను పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీలో నలుగురు ఆడపిల్లలు వాయిస్తున్న వీడియో. లిండా లిండాస్ అని పేరు. డ్రమ్ములు వాయించే పిల్లకి పదేళ్ళు. కోవిడ్ మొదలయ్యే రోజుల్లో క్లాసులో ఒక అబ్బాయి, చైనావాళ్ళకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు, అన్నాడట ఆ పిల్లతో. నేను చైనా పిల్లనే అనేసరికి దూరం జరిగాడట. దాని మీద కట్టిన పాట అది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాట బ్రహ్మాండంగా ఉంది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "బానే ఉంది గానీ, ముందు బికినీ కిల్ విను. వీళ్ళు చేసేది వాళ్ళు 1990ల్లోనే చేసేశారు." అక్కడితో ఆగానా? చరిత్ర అంతా చెప్పుకుంటూ పోయాను. ఎక్స్-రే స్పెక్స్ దాకా వెళ్ళాను. అది ఫోను వెనక్కి తీసుకుని, "నేను పాట వినమన్నాను నాన్నా, అంతే" అని లోపలికి వెళ్ళిపోయింది. తరవాత రెండేళ్ళ పాటు నాకు ఒక్క పాట కూడా వినిపించలేదు.

"దీన్ని పాటంటారుట్రా?" అన్నమాట, కాకపోతే ఫుట్‌నోట్లతో సహా.

అప్పటికి నేను కొత్త పంక్ వినడం మానేసి పదేళ్ళు దాటింది. అడపాదడపా ప్రయత్నించకపోలేదు. స్పాటిఫై వాడు నాకు నచ్చుతాయని ఇచ్చేవన్నీ 1982 నాటి బ్యాండ్లకి జిరాక్సు కాపీల్లా ఉండేవి. అదే స్పీడు, అదే గొంతు, అవే పుర్రె బొమ్మల అట్టలు. వినగానే "పాతవే నయం" అనిపించేది. మరి నేను వెతుకుతున్నది కూడా జిరాక్సునే కదా! పాతదానిలాగే ఉండాలి, అయినా కొత్తగా ఉండాలి అంటే ఎవరివల్ల అవుతుంది? ఇంకో సంగతి ఒప్పుకోవడానికి చాలా టైం పట్టింది. గ్రీన్‌కార్డు వచ్చింది, ఇల్లు వచ్చింది, ఇప్పుడు నన్ను పొద్దున్నే ఫోన్ చేసి బెదిరించేవాడు లేడు. నా తరఫున ఎవరూ అరవక్కర్లేదు. ఆ అవసరం తీరిపోయినది నాకు. పంక్ చచ్చిపోయిందని నేను చాటింపు వేస్తున్నాను.

అందుకని పద్ధతి మార్చాను. పోల్చడం మానేసి, వీళ్ళు ఎవరి తరఫున అరుస్తున్నారు అని మాత్రమే అడుగుతూ వినడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికాయి.

బ్రిస్టల్ నుంచి ఐడిల్స్ అనే బ్యాండు. 2017లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం బ్రూటలిజం. గాయకుడు జో టాల్బట్ వాళ్ళమ్మ పోయిన దుఃఖం అందులో ఉంది. అట్ట మీద బొమ్మ ఆవిడదే. వంద వినైల్ రికార్డుల్లో ఆవిడ చితాభస్మం కలిపి అచ్చు వేశారు. అస్థికలు కృష్ణలో కలిపి వచ్చిన నాకు ఇది వింతగా అనిపించలేదు. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. మెల్‌బోర్న్ నుంచి ఆమిల్ అండ్ ద స్నిఫర్స్. ఏమీ టేలర్ పాడుతుంటే మాస్ సినిమా మొదటి ఆట చూస్తున్నట్టుంటుంది. 2021 నాటి కంఫర్ట్ టు మీతో మొదలుపెట్టండి. ఫిలడెల్ఫియా నుంచి సోల్ గ్లో, 2022లో డయాస్పొరా ప్రాబ్లమ్స్ అని ఆల్బం తెచ్చారు. డయాస్పొరా అనే మాట మన సంఘాల సావనీర్లలో కనపడితే పేజీ తిప్పేసే నేను, ఆ నల్లజాతి కుర్రాళ్ళ నోట విని కూర్చుండిపోయాను. మా పొరుగూరు బాల్టిమోర్ నుంచి టర్న్‌స్టైల్. 2021లో వచ్చిన గ్లో ఆన్ విని ఇది హార్డ్‌కోరే కాదని గొణిగే నాబోటివాళ్ళు బోలెడుమంది. గొణగనివ్వండి.

అన్నట్టు, పాతవాళ్ళు కూడా ఊరుకోలేదు. ఫుగాజీలో బేసూ డ్రమ్సూ వాయించిన జో లాలీ, బ్రెండన్ కాంటీ కలిసి ఒక జాజ్ గిటారిస్టుతో మెస్తెటిక్స్ అని మొదలుపెట్టారు. పాట లేదు, వాయిద్యమే. ఇయాన్ మెకాయ్ తన భార్య ఎమీ ఫరీనాతో, అదే జో లాలీతో కొరికీ అని 2020లో ఒక ఆల్బం తెచ్చాడు. ఫుగాజీ దగ్గర ఆగిపోయింది నేనే. ఫుగాజీవాళ్ళు ఆగలేదు.

పోయినేడాది చలికాలంలో మా అమ్మాయి, చాలా మామూలుగా, "శనివారం డీసీలో ఒక షో ఉంది, నాకు రైడ్ కావాలి" అంది. 16వ వీధిలో ఒక చర్చి. దశాబ్దాలుగా అక్కడ పంక్ కచేరీలు జరుగుతున్నాయి, ఫుగాజీ కూడా ఆడిన చోటు. ఆ ముక్క నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"నేను కూడా రావచ్చా?" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "వెనకాల నిలబడాలి. హిస్టరీ చెప్పకూడదు" అంది. ఒప్పందం కుదిరింది.

మొదట ఆడిన బ్యాండు పేరు మీకు చెప్పినా తెలియదు, వాళ్ళకే ఇంకా సరిగ్గా కుదిరినట్టు లేదు. నలుగురూ పద్దెనిమిది దాటని పిల్లలు. గిటారు శ్రుతి తప్పింది, మైకు రెండుసార్లు ఆగింది. ఒక్కో పాట ఒకటిన్నర నిమిషం. నేను చెవుల్లో దూది కుక్కుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు వరసలో మా అమ్మాయి ఎగురుతోంది. ఇంట్లో గట్టిగా తలుపు కూడా వేయని పిల్ల, ఆ గుంపులో గొంతెత్తి అరుస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టోల్ రోడ్డు ఎక్కాక చెప్పింది. ఆరో తరగతిలో ఒక పిల్ల దీని లంచ్ బాక్సు చూసి ముక్కు మూసుకుని బల్ల మార్చుకుందట. మిగతావాళ్ళు కూడా లేచి వెళ్ళారట. ఆ వారంలోనే ఆ లైబ్రరీ వీడియో చూసిందట. "అందుకే నీకు చూపించాను" అంది.

నేనేమో దానికి బికినీ కిల్ గురించి పాఠం చెప్పాను.

"అప్పుడే చెప్పాల్సింది కదమ్మా" అనబోయి ఆగాను. చెప్పింది కదా. పాటలో పెట్టి చెప్పింది. నేనే వినలేదు. 2001లో నేను మాత్రం మా నాన్నకి ఏం చెప్పాను, ఉద్యోగం బావుంది అని తప్ప?

"అయామ్ సారీ రా" అన్నాను. "ఇట్సోకే" అని ఫోను కారుకి తగిలించింది. ఏదో కొత్త బ్యాండు మొదలయ్యింది. ఎవరు, ఏ ఊరు, ఎవరిలా వాయిస్తున్నారు అని అడగలేదు. సౌండు కొంచెం పెంచాను.

ఆ రాత్రి టిక్కెట్టు ఒక్కొక్కరికి పదిహేను డాలర్లు. అయిదు డాలర్లది చేజార్చుకున్నవాణ్ణి, కిక్కురుమనకుండా ఇచ్చాను. వచ్చే నెలలో ఇంకోటి ఉందట. ఆ మర్నాడు మాకు రిలీజు. మా మేనేజరుకి ముందే చెప్పేశాను, ఆ సాయంత్రం నేను ఉండనని.